సర్వర్‌లో కరువొస్తే ఎవరి వాటా ఎంత?

"సర్వర్ బిజీగా ఉందప్పా, కాసేపు కూర్చో." అనంతపురం జిల్లా బెళుగుప్పలో వేలిముద్ర వేయాల్సిన పని ఏదైనా కానీ, ఏదో ఒకరోజు ఈ మాట వినని మనిషి ఉండడు. పంట నమోదుకి వచ్చినవాళ్లు, భూమి వన్-బీ నకలుకి వచ్చినవాళ్లు, పింఛను పనిమీద వచ్చిన ముసలివాళ్లు ఆ ‘కాసేపు’ కోసం అరుగు మీద కూర్చుంటారు. తప్పు సర్వర్‌ది కాని సందర్భాలూ బోలెడు. సెల్ టవర్ సిగ్నల్ అందకపోవచ్చు, ప్రోగ్రామ్ రాసినవాళ్లు సరిగ్గా రాసి ఉండకపోవచ్చు, కూలి పనులు చేసి చేసి ఆ వేలిమీద గీతలే అరిగిపోయి ఉండొచ్చు. అయితే నిజంగానే సర్వర్ ఊపిరాడకుండా ఉన్న రోజులూ ఉంటాయి. అప్పుడు ఆ యంత్రం లోపల ఒక పంపకం నడుస్తుంది. ఎవరి పని ముందు, ఎవరిది వెనక, ఎవరి దగ్గర లాక్కుని ఎవరికి ఇవ్వాలి అని సెకనుకు ఎన్నో మార్లు తీర్పు చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది. దాన్ని హైపర్‌వైజర్ అంటారు.

ఒక ఆఫీసు పనికి ఒక కంప్యూటర్ అనే రోజులు ఎప్పుడో పోయాయి. డేటా సెంటర్‌లో ర్యాకులో దూర్చిన ఒక మధ్యరకం సర్వర్‌ను తీసుకుందాం. అందులో 32 కోర్లు (అంటే లెక్కలు చేసే ప్రాసెసర్ భాగాలు), 256 జీబీ ర్యామ్ ఉన్నాయనుకోండి. దీన్నే హోస్ట్ అంటారు. దానిమీద 40 వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు నడుస్తుంటాయి. ప్రతి వీఎంలో సొంత విండోసో లినక్సో ఉంటుంది. తన డిస్కు, తన నెట్‌వర్క్ కార్డు, తన ప్రాసెసర్ అన్నీ తనకే ఉన్నాయని అది నమ్ముతుంది. ఒక్కో వీఎంకి 4 వర్చువల్ ప్రాసెసర్లు, 8 జీబీ ర్యామ్ ఇస్తామని చెప్పామనుకుందాం. కూడితే మాట ఇచ్చింది 160 కోర్లు, 320 జీబీ. చేతిలో ఉన్నది 32, 256. ఇది మోసం కాదు. వీఎంలు ఎక్కువ సమయం ఏ పనీ లేకుండా కూర్చుంటాయి కాబట్టి మామూలు రోజుల్లో ఈ లెక్క ఎవరికీ లోటు చేయకుండా నడిచిపోతుంది. అన్నీ ఒకేసారి నిద్రలేచిన రోజునే చిక్కు.

ఆలోచన పాతదే. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఐబీఎం కేంద్రంలో 1967లో సీపీ-40 అనే వ్యవస్థ నడిచింది. ఒక పెద్ద యంత్రాన్ని పలువురికి పలు యంత్రాలుగా చూపించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి అది. 1972 ఆగస్టులో వీఎం/370 పేరుతో ఐబీఎం దాన్ని ఖాతాదారులకు ప్రకటించింది. తర్వాత చౌక కంప్యూటర్లు వచ్చాయి, పనికొకటి కొనుక్కుంటే సరిపోయేది, పంచుకోవడం సంగతి జనం మరిచిపోయారు. 1997లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డిస్కో అనే ప్రయోగం దాన్ని మళ్లీ తవ్వి తీసింది. ఆ జట్టులోని వాళ్లే 1998లో వీఎంవేర్ కంపెనీ స్థాపకుల్లో ఉన్నారు. వాళ్ల హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ 2001లో వచ్చింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ నుంచి 2003లో జెన్, లినక్స్‌లోనే భాగంగా 2007లో కేవీఎం వచ్చి చేరాయి. మధ్యలో 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ తమ చిప్‌లలోనే ఈ పనికి సాయం చేసే ఏర్పాటు పెట్టడంతో దారి బాగా సుగమమైంది.

ఇప్పుడీ యంత్రాలు మనకి దూరంగా కూడా లేవు. నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్‌కి ఢిల్లీ, పుణే, భువనేశ్వర్‌లతో పాటు హైదరాబాద్‌లో జాతీయ డేటా సెంటర్ ఉంది. ప్రభుత్వ క్లౌడ్ ‘మేఘరాజ్’ 2014 ఫిబ్రవరిలో మొదలైంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను మూడు జోన్లతో తెరిచింది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్ కింద నడిచే హైపర్‌వైజర్ పేరు హైపర్-వీ. ఆ కంపెనీ సర్వర్ల విభాగాన్ని 2011లో, మొత్తం కంపెనీని 2014లో చేతికి తీసుకున్న సత్య నాదెళ్ల మూలాలు ఈ జిల్లావే. ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ స్వగ్రామం యల్లనూరు మండలం బుక్కాపురం. కరువు జిల్లా నుంచి వెళ్లిన కుటుంబంలోని మనిషి పంపకాల యంత్రాంగానికి పెద్ద కావడం యాదృచ్ఛికమే. చెప్పకుండా ఉండలేకపోయాను, అంతే.

ఇక అసలు లెక్కలోకి వద్దాం. హైపర్‌వైజర్ చేతిలో ప్రతి వీఎం పేరు ఎదుట మూడు అంకెలుంటాయి: షేర్లు, రిజర్వేషన్, లిమిట్. సర్వర్లు నడిపేవాళ్లు తెలుగులో మాట్లాడుకునేటప్పుడూ ఇవే మాటలు వాడతారు. రిజర్వేషన్, లిమిట్ సులువుగా అర్థమవుతాయి. కొత్తవాళ్లు బోల్తాపడేది షేర్ల దగ్గర.

ఈ విషయంలో అనంతపురం జిల్లావాళ్లకి పుట్టుకతో వచ్చిన అనుభవం ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ, మన నోట హెచ్చెల్సీ. ఆ కాలువలో ఆంధ్రప్రదేశ్ వాటా 32.5 టీఎంసీలని బచావత్ ట్రైబ్యునల్ లెక్క. కాగితం మీద ఆ అంకె మారదు, కాలువలోకి వచ్చే నీళ్లు మారతాయి. 1953లో డ్యాం కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి చేరి ఇప్పుడు 106 లోపే పడుతుంది. అందుకని ఏటా ఎంత నీరు చేతికొస్తుందో తుంగభద్ర బోర్డు అంచనా కట్టి, కర్ణాటక కాలువలకీ మన కాలువలకీ కేటాయింపుల దామాషాలో పంచుతుంది. మొత్తం లభ్యత మూడింట రెండు వంతులే అని తేలితే 32.5 కాస్తా 21.7 దగ్గరికి దిగుతుంది. డ్యాం నిండి గేట్లెత్తి నీళ్లు నదిలోకి వదిలేసే రోజుల్లో ఎవరి వాటా ఎంతని ఎవరూ తగువు పడరు. హైపర్‌వైజర్‌లో షేర్లు అచ్చం ఈ దామాషాలాంటివే. 2000 షేర్లు అంటే 2000 ఏవో కావు. పక్కవాడికి 1000 ఉంటే వాడికన్నా నీకు రెట్టింపు అని మాత్రమే. అదీ కొరత వచ్చినప్పుడు.

అంకెల్లో చూద్దాం. ఒకే కోర్ కోసం మూడు వీఎంలు పోటీ పడుతున్నాయి. ఒకటి డేటాబేస్, రెండోది జనం చూసే వెబ్‌సైట్, మూడోది ఇంజినీర్లు ప్రయోగాలు చేసుకునే టెస్ట్ వీఎం. వీఎంవేర్‌లో ‘హై’, ‘నార్మల్’, ‘లో’ అనే మూడు తరగతుల షేర్లు 4:2:1 నిష్పత్తిలో ఉంటాయి, వాటినే ఇద్దాం. మూడూ ఆబగా పనిచేస్తున్నప్పుడు ప్రతి సెకనులోని 1000 మిల్లీసెకన్లలో డేటాబేస్‌కి సుమారు 571, వెబ్‌సైట్‌కి 286, టెస్ట్‌కి 143 వస్తాయి. డేటాబేస్‌కి పనిలేక కళ్లు మూసిందనుకోండి, దాని భాగం వృథా కాదు. మిగతా రెండూ 2:1లో పంచుకుంటాయి, 667, 333. వెబ్‌సైట్ కూడా నిద్రపోతే అన్నిటికన్నా తక్కువ తరగతి టెస్ట్ వీఎంకే మొత్తం 1000 మిల్లీసెకన్లూ దక్కుతాయి. ‘లో’ అని పెట్టడం శిక్ష వేయడం కాదు. రద్దీలో నువ్వు పక్కకు జరగాలి అని ముందే చెప్పి ఉంచడం.

మరి ఇంత కచ్చితంగా ఎలా పంచుతుంది? కార్ల్ వాల్డ్‌స్పర్గర్, విలియం వైల్ అనే ఇద్దరు 1994లో లాటరీ పద్ధతి ప్రతిపాదించారు. షేర్లకు తగ్గట్టు టికెట్లు ఇచ్చి, ప్రతి విడతకీ ఒక టికెట్ తీస్తారు, ఎవరిది వస్తే కోర్ వాళ్లది. దీర్ఘకాలంలో నిష్పత్తి నిలబడుతుంది కానీ కొద్దిసేపట్లో అదృష్టం ఎటైనా మొగ్గవచ్చు. మరుసటి ఏడాదే అదృష్టం లేని పద్ధతి తెచ్చారు. దాని పేరు స్ట్రైడ్, అంటే అంగ. ఎక్కువ షేర్లున్నవాడికి చిన్న అంగ, తక్కువ ఉన్నవాడికి పెద్ద అంగ. మన ముగ్గురికి అంగలు 1, 2, 4. ప్రతి ఒక్కరికీ ఒక మీటరు ఉంటుంది. ఎవరి మీటరు అందరికన్నా తక్కువ చూపిస్తుందో వాళ్లకి కోర్ ఇచ్చి, వాళ్ల అంగ అంత ఆ మీటరుకి కలుపుతారు. మొదట మీటర్లు 1, 2, 4. డేటాబేస్ తక్కువలో ఉంది, దానికి విడత ఇస్తే మీటరు 2 అయింది. వెబ్‌సైట్‌తో సమానమైంది, సమానమైతే ముందువాడికే అనుకుంటే మళ్లీ డేటాబేస్, మీటరు 3. ఇప్పుడు వెబ్‌సైట్ 2లో ఉంది, దాని వంతు, మీటరు 4. తర్వాత డేటాబేస్ 3 నుంచి 4కి. మూడూ 4 దగ్గర కలుసుకున్నాయి. వరసలో డేటాబేస్, వెబ్‌సైట్, టెస్ట్ తలా ఒక విడత తీసుకుంటాయి. ఏడు విడతలు ముగిసేసరికి నాలుగు, రెండు, ఒకటి. మీటర్లు 5, 6, 8 చూపిస్తుంటాయి, ఆట మొదలైనప్పుడున్న తేడాలతోనే కొత్త చుట్టు మొదలవుతుంది. కాగితం మీద మీరే వేసి చూడండి, నోటిలెక్కకి లొంగే ఇంత చిన్న ఉపాయం ఇంత పెద్ద యంత్రాలను నడపడం ముచ్చటగా అనిపిస్తుంది. లినక్స్‌లో ఇంగో మోల్నార్ 2007లో పెట్టిన సీఎఫ్ఎస్ కూడా ఈ వంశానిదే. అందులో మీటరు పేరు వర్చువల్ రన్‌టైమ్. కేవీఎం కింద ప్రతి వీఎం ఒక మామూలు లినక్స్ ప్రాసెస్ కాబట్టి పంపకం బాధ్యత లినక్స్‌దే.

రిజర్వేషన్ ఇంకో రకం హామీ. పెన్న అహోబిలం రిజర్వాయరులో తాగునీటికి ముందు ఎత్తిపెట్టి, మిగిలినదాన్నే ఆయకట్టుకి చూస్తారు కదా, అలాగ. ఈ వీఎంకి ఇంత ప్రాసెసర్, ఇంత ర్యామ్ ఎట్టి పరిస్థితిలోనూ తగ్గకూడదని రాస్తే, దాన్ని తీసిపెట్టాకే మిగతా పంపకం. హోస్ట్‌లో అంత మిగలకపోతే హైపర్‌వైజర్ ఆ వీఎంని అసలు ఆన్ చేయనే చేయదు. ఇది విసుగు తెప్పిస్తుంది కానీ నిజాయతీగల పద్ధతి. ఇవ్వలేని మాట ముందే ఇవ్వనంటుంది. లిమిట్ దీనికి తలకిందులు. పక్కన కోర్లు ఖాళీగా పడున్నా ఆ హద్దు దాటనివ్వదు. పరీక్ష కోసం ఎప్పుడో పెట్టిన లిమిట్‌ని తీయడం మరిచిపోయి, కొత్త హార్డ్‌వేర్ కొన్నా వీఎం ఎందుకు నెమ్మదిగా ఉందో తెలియక తలలు పట్టుకోవడం ఈ వృత్తిలో పాత కథ. నా మట్టుకు నాకు లిమిట్ అనేది వీలైనంతవరకు వాడకూడని మీట. షేర్లతో అయ్యే పనికి లిమిట్ పెట్టడం అంటే కరువు లేనినాడు కూడా కరువు తెచ్చుకోవడమే.

షేర్లలోనూ ఒక గుంట ఉంది, అనుభవజ్ఞులు కూడా అందులో కాలు వేస్తారు. వీఎంలను గుంపులుగా చేసి, గుంపుకి షేర్లు ఇవ్వొచ్చు. దాన్ని రిసోర్స్ పూల్ అంటారు. ముఖ్యమైన వీఎంలన్నీ ‘హై’ పూల్‌లో, ప్రయోగాలవి ‘లో’ పూల్‌లో వేశాం, ఇక హాయి అనుకుంటారు. వీఎంవేర్‌లో ‘హై’ పూల్‌కి 8000 సీపీయూ షేర్లు, ‘లో’ పూల్‌కి 2000. ముఖ్యమైనవి 20 వీఎంలు, ప్రయోగాలవి 2. హోస్ట్ పూర్తి రద్దీలో ఉన్నప్పుడు హైపర్‌వైజర్ ముందు పూల్‌కీ పూల్‌కీ మధ్య పంచి, తర్వాత లోపల పంచుతుంది. 8000ని 20తో భాగిస్తే ఒక్కోదానికి 400. 2000ని 2తో భాగిస్తే 1000. ముఖ్యమైన వీఎంకన్నా ప్రయోగాల వీఎంకి రెండున్నర రెట్లు! డిస్ట్రిబ్యూటరీకి వాటా పెద్దదే, కింద ఆయకట్టు అంతకన్నా పెద్దదైతే చివరి మడికి వచ్చేది ఎంతో హెచ్చెల్సీ రైతుకి లెక్కకట్టి చూపించక్కర్లేదు. పూల్‌లోకి కొత్త వీఎం చేరినప్పుడల్లా షేర్లు తిరిగి లెక్కవేయాలి. ఎవరూ వేయరు. ఏడాది తిరిగేసరికి తరగతులు తారుమారై ఉంటాయి, మామూలు రోజుల్లో అది కంటికి కనబడదు కూడా.

కనబడకపోవడం అనేదే అసలు సమస్య. వీఎంకి కోర్ ఇవ్వకుండా వరసలో నిలబెట్టిన సమయాన్ని వీఎంవేర్ వాళ్లు రెడీ టైమ్ అంటారు. పని ఉంది, చేయడానికి సిద్ధంగా ఉంది, కోర్ దొరకలేదు. పర్యవేక్షణ తెరమీద 20 సెకన్ల నమూనాలో 2000 మిల్లీసెకన్ల రెడీ టైమ్ కనిపిస్తే ఆ వర్చువల్ ప్రాసెసర్ తన సమయంలో 10 శాతం క్యూలో గడిపిందని అర్థం. 5 శాతం దాటగానే కన్నేసి ఉంచుతారు, 10 దాటితే కదలాల్సిందే. వీఎం లోపల కూర్చున్నవాడికి మాత్రం ఇది తెలియదు. తనను కాసేపు ఆపి ఉంచారన్న సంగతే లోపలి విండోస్‌కి అందదు. అందుకే అప్లికేషన్ చూసుకునే ఇంజినీరు "నా సర్వర్‌లో లోడ్ ఏమీ లేదండీ" అంటాడు, కింద హోస్ట్ చూసుకునేవాడు "మా హార్డ్‌వేర్ అంతా బాగుంది" అంటాడు, ఇద్దరూ చెప్పేది నిజమే, పేజీ మాత్రం తెరుచుకోదు. జెన్, కేవీఎంల మీద నడిచే లినక్స్‌లో ఒక చిన్న కిటికీ ఉంది. ‘టాప్’ అని కొట్టి, పైనుంచి మూడో వరసలో ప్రాసెసర్ లెక్క ఉన్నచోట చిట్టచివరి అంకె చూడండి. దాని పక్కన ‘ఎస్‌టీ’ అని ఉంటుంది, స్టీల్ అన్న మాటకి పొట్టి. నీ పనికి రావాల్సిన సమయంలో ఇంత శాతం పక్కవాళ్లకి పోయింది అని అది చెబుతుంది. అద్దె సర్వర్ నడిపే ప్రతి చిన్న కంపెనీవాడూ రోజుకోసారి చూడాల్సిన అంకె అది.

రెడీ టైమ్ పెరగ్గానే చాలామంది చేసే పని ఇంకో నాలుగు వర్చువల్ ప్రాసెసర్లు అడగడం. దాంతో తరచుగా ఉన్నదీ చెడుతుంది. 8 ప్రాసెసర్లున్న వీఎం లోపలి ఆపరేటింగ్ సిస్టమ్, ఎనిమిదీ ఇంచుమించు కలిసి నడుస్తాయని అనుకుంటుంది. ఒకటి ఒక తాళం (లాక్) పట్టుకుని ఉండగా దాన్ని హైపర్‌వైజర్ దింపేస్తే, మిగతా ఏడూ ఆ తాళం కోసం ఊరికే గిరగిర తిరుగుతూ కోర్లు తినేస్తాయి. మొదట్లో ఈఎస్ఎక్స్ అన్నిటినీ ఒకేసారి ఎక్కించడానికి ఖాళీ కోర్ల కోసం కాచుకునేది. 2006లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి ఆ పట్టు సడలింది. అయినా సూత్రం మారలేదు. పనికి రెండు చాలినప్పుడు ఎనిమిది అడగడం వీఎంకి వేగం ఇవ్వదు, క్యూలో నిలబడే తలల్ని పెంచుతుంది.

ప్రాసెసర్ పంపకం ఎంత చిక్కుగా ఉన్నా అందులో ఒక సుఖం ఉంది. ఇచ్చిన విడత అయిపోగానే టైమర్ గంట కొడుతుంది, కోర్ తనంతట తాను వెనక్కి వస్తుంది. ర్యామ్ అలా కాదు. ఒకసారి ఇచ్చిన జాగాలో వీఎం తన సామాను పెట్టుకుంటుంది. దాన్ని తిరిగి తీసుకోవాలంటే ఆ సామానులో ఏది అక్కర్లేదో తెలియాలి. అది హైపర్‌వైజర్‌కి తెలియదు, బయటనుంచి చూస్తే అన్ని పేజీలూ, అంటే ర్యామ్ ముక్కలన్నీ, ఒకేలా ఉంటాయి. తెలిసినదల్లా లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌కే. పోనీ దాన్నే అడుగుదామంటే, తన ర్యామ్‌ని బయటివాళ్లకి తిరిగిచ్చే పద్ధతే దానికి తెలియదాయె.

ఈ ముడిని విప్పిన ఉపాయం కంప్యూటర్ శాస్త్రంలో నాకు బాగా ఇష్టమైన వాటిలో ఒకటి. లాటరీ పద్ధతి రాసిన వాల్డ్‌స్పర్గరే వీఎంవేర్‌లో చేరి 2002లో దీన్ని ప్రకటించాడు. వీఎం లోపల ఒక చిన్న డ్రైవర్ పెడతారు, దాని పేరు బెలూన్. హోస్ట్‌లో ర్యామ్ తక్కువ పడగానే హైపర్‌వైజర్ ఆ డ్రైవర్‌కి ఉబ్బమని చెబుతుంది. డ్రైవర్ మామూలు ప్రోగ్రామ్‌లాగే లోపలి లినక్స్‌ని "నాకు 1 జీబీ కావాలి" అని అడుగుతుంది. లినక్స్‌కి అది ఎవరి మనిషో తెలియదు. అడిగినవాడికి ఇవ్వడం తన ధర్మం కాబట్టి తన లెక్కలు చూసుకుని, ఎప్పుడో తెరిచి వదిలేసిన ఫైళ్ల తాలూకు కాష్‌ని ఖాళీ చేసి, ఆ పేజీలు బెలూన్ చేతిలో పెడుతుంది. బెలూన్ ఆ పేజీల నంబర్లు కిందికి చేరవేస్తుంది. హైపర్‌వైజర్ వాటి వెనకున్న అసలు ర్యామ్‌ని తీసి, ఆకలిమీదున్న ఇంకో వీఎంకి ఇచ్చేస్తుంది. ఏది పనికిరానిదో ఎంచింది లోపలివాడే, తీసుకెళ్లింది బయటివాడు. ఒత్తిడి తగ్గాక బెలూన్ ఊపిరి వదిలేస్తే లోపలి లినక్స్‌కి తన జాగా తనకి తిరిగొస్తుంది.

ఎవరి దగ్గర ముందు ఊదాలి? షేర్లు ఎక్కువున్నవాడిని ముట్టుకోకూడదు అనుకుంటే, పెద్ద వాటా ఉన్న వీఎం ర్యామ్‌ని వాడకుండా దాచుకుని కూర్చున్నా ఏమీ అనలేం. అందుకని వాల్డ్‌స్పర్గర్ ఒక పన్ను పెట్టాడు. హైపర్‌వైజర్ ప్రతి 30 సెకన్ల వ్యవధిలో వీఎం పేజీల్లో ఓ 100ని యాదృచ్ఛికంగా ఎంచి, వాటిలో ఎన్నిటిని ముట్టుకుంటోందో గమనిస్తుంది. 100లో 30 ముట్టుకుంటే ఆ వీఎం తన ర్యామ్‌లో 30 శాతమే వాడుతోందని అంచనా. మూలనపడ్డ పేజీలమీద 75 శాతం పన్ను. దాని ఫలితం ఏమిటంటే, వాడని పేజీ ఒకదాన్ని ఉంచుకోవడానికి వాడే పేజీకన్నా నాలుగు రెట్లు షేర్లు ఖర్చవుతాయి. వాటా నీదే, కానీ బీడు పెట్టి ఉంచితే ధర ఎక్కువ. నూటికి నూరు శాతం పన్ను ఎందుకు వేయలేదంటే, అంచనా తప్పు కావచ్చు, వీఎం మరుక్షణం మళ్లీ పనిలో పడవచ్చు. ఆ 25 శాతం వెసులుబాటు దానికోసం.

బెలూన్ ముందు ఇంకో మెట్టు కూడా ఉండేది. ఒకే హోస్ట్‌మీద 20 వీఎంలలో ఒకే విండోస్ ఉంటే, అక్షరం తేడా లేని పేజీలు 20 చోట్ల ఉంటాయి. వాటిని పసిగట్టి ఒక్క కాపీ ఉంచి అందరికీ దాన్నే చూపించి, ఎవరైనా దానిమీద రాయబోతే అప్పటికప్పుడు వేరు కాపీ చేసి ఇస్తారు. ఎంతో పొదుపు. కానీ ఉమ్మడి పేజీ మీద రాయడానికి పట్టే సమయాన్ని కొలిచి, పక్క వీఎంలో ఏముందో ఊహించవచ్చని పరిశోధకులు చూపించారు. 2014 నుంచి వీఎంవేర్ వేర్వేరు వీఎంల మధ్య ఈ ఉమ్మడిని మామూలుగా ఆపేసి ఉంచుతోంది. పొదుపుకీ గోప్యతకీ మధ్య గోప్యతే గెలిచింది.

బెలూన్ కూడా చాలకపోతే మిగిలింది స్వాపింగ్. హైపర్‌వైజర్ ఇక ఎవరినీ అడగదు, చేతికందిన పేజీలను డిస్కుమీదికి తోసేస్తుంది. ర్యామ్ నుంచి ఒక మాట చదవడానికి 100 నానోసెకన్ల దరిదాపు పడితే, ఎస్ఎస్‌డీ నుంచి తేవడానికి 100 మైక్రోసెకన్ల దరిదాపు, అంటే వెయ్యి రెట్లు. పాత తిరిగే డిస్కయితే లక్ష రెట్లు. అందులోనూ తోసేసిన పేజీ డేటాబేస్‌కి క్షణక్షణం కావాల్సినదే అయితే ఇక వెబ్‌పేజీ ముందు గుండ్రంగా తిరిగే గుర్తు తిరుగుతూనే ఉంటుంది. ప్రాసెసర్ కరువులో వీఎం నెమ్మదిస్తుంది, ర్యామ్ కరువులో కుప్పకూలినంత పనవుతుంది. అందుకే డేటాబేస్ వీఎంలకి ర్యామ్ మొత్తాన్నీ రిజర్వేషన్‌లో పెట్టేస్తారు. ప్రాసెసర్ విషయంలో షేర్లతో సరిపెట్టుకున్నవాళ్లు కూడా ఇక్కడ బేరం ఆడరు.

డిస్కు, నెట్‌వర్క్‌ల సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. ఒక వీఎం రాత్రి బ్యాకప్ మొదలుపెట్టి డిస్కు క్యూని తన కోరికలతో నింపేస్తే పక్కవాళ్ల చిన్న పనులూ దాని వెనకే నిలబడాలి. ఉమ్మడి స్టోరేజ్‌లో జాప్యం ఒక గీత, మామూలుగా 30 మిల్లీసెకన్లు, దాటగానే క్యూలో జాగాను కూడా షేర్ల దామాషాలో పంచే ఏర్పాటును వీఎంవేర్ తెచ్చింది. హోస్టే నిండిపోతే, నడుస్తున్న వీఎంని ఆపకుండా వేరే హోస్ట్‌మీదికి జరిపే విద్య 2003 నుంచీ ఉంది. ఏ వీఎంని ఎప్పుడు జరపాలో సాఫ్ట్‌వేరే నిర్ణయించడం 2006లో మొదలైంది. ఒక్క యంత్రంలో జరిగే పంపకం అలా ర్యాకుల వరసకి పాకింది.

అద్దె క్లౌడ్‌లో ఇదే లెక్క బిల్లు రూపంలో కనబడుతుంది. అమెజాన్‌లో చౌకగా దొరికే టీ3-మైక్రో అనే వీఎం తీసుకోండి. 2 వర్చువల్ ప్రాసెసర్లు, 1 జీబీ ర్యామ్. చిన్న కంపెనీ వెబ్‌సైట్‌కి చాలు. దాని షరతు ఏమిటంటే ఒక్కో ప్రాసెసర్‌కి హామీ 10 శాతమే. వీఎం నడుస్తున్నంతసేపూ గంటకి 12 చొప్పున క్రెడిట్లు ఖాతాలో చేరతాయి, 288 దాకా దాచుకోవచ్చు. ఒక ప్రాసెసర్‌ని ఒక నిమిషం పూర్తిగా వాడితే ఒక క్రెడిట్ ఖర్చు. ఖాతా నిండుగా ఉన్నప్పుడు రెండు ప్రాసెసర్లూ పూర్తిగా పరిగెత్తిస్తే నిమిషానికి 2 పోతాయి, 0.2 వస్తాయి. నికరంగా 1.8 తరుగు. 288ని దాంతో భాగిస్తే 160 నిమిషాలు. పొద్దున 10 గంటలకి రద్దీ మొదలైతే మధ్యాహ్నం 12:40 దాకా వీఎం దూసుకుపోతుంది, ఆ తర్వాత ఖాతాలో సున్నా.

సున్నా అయ్యాక ఏం జరుగుతుందనేది అద్దెకు తీసుకున్నవాడు పెట్టిన సెట్టింగ్‌ని బట్టి ఉంటుంది. ‘స్టాండర్డ్’ అని ఉంటే వీఎం మెల్లగా ఆ 10 శాతం దగ్గరికి దిగిపోతుంది. యంత్రం చెడిపోలేదు, ఎర్రదీపం వెలగదు, సైటు మాత్రం ఈడుస్తుంది. ‘అన్‌లిమిటెడ్’ అని ఉంటే వేగం తగ్గదు, కానీ 24 గంటల సగటు వాడకం ఆ హామీని మించితే, మించిన ప్రతి ప్రాసెసర్ గంటకీ డబ్బు పడుతుంది. టీ3 రకంలో ఏమీ మార్చకుండా వదిలేస్తే వచ్చేది ‘అన్‌లిమిటెడ్’. అంతకుముందరి టీ2లో ‘స్టాండర్డ్’. పాతదాని నుంచి కొత్తదానికి మారినవాళ్లకి సైటు ఒక్కసారిగా చురుగ్గా మారినట్టు అనిపిస్తే, అందుకు కారణం కొత్త చిప్ ఒక్కటే కాకపోవచ్చు. నెలాఖరున బిల్లులో ‘సీపీయూ క్రెడిట్స్’ అని ఒక వరస ఉందేమో వెతికి చూసుకోవాలి.